అత్త మోపు, ఆయన నైస్

మధ్యాహ్నం నుంచి ఒళ్ళు మండిపోతోంది. అరకు ఘాట్ రోడ్డు మలుపులో, నేను పనిచేసే కాఫీ బడ్డీ ఎదురుగా, మా అత్త కట్టెల మోపును పిట్టగోడ మీదికి దించింది. మెడ పట్టేసి ఆమె తల పక్కకు తిరగడం లేదు. కాఫీ తాగుతున్న టూరిస్టు ఒకాయన ఫోన్ తీసి, “అమ్మా, మళ్ళీ నెత్తికెత్తుకో, ఒక్క ఫొటో” అన్నాడు. ఎత్తుకుంది. “నైస్! కొంచెం నవ్వు. ఇంకొకటి. నైస్!” అంటూ ఎండలో నిలబెట్టాడు. నేను వెళ్ళి మోపు దించేదాకా ఆపలేదు.

కారు వెళ్ళిపోయాక అత్త అడిగింది.

“నైసంటే ఏట్రా గుంటడా?”

“బాగుందని, అత్తా.”

“ఏటి బాగుందిరా? నా మెడా?”

ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికాను. ఆ మాట లాటిన్ నుంచి వచ్చిందట. మొదట్లో దాని అర్థం ‘ఏమీ తెలియనివాడు’. తర్వాత ‘తెలివితక్కువవాడు’. వందల ఏళ్ళు అరిగి అరిగి చివరికి ‘బాగుంది’ అయిందట. మా ఘాట్ రోడ్డు మీద మాత్రం ఇంకా పాత అర్థమే నడుస్తోంది.

రేపు అత్త అదే మలుపులో మోపు దించుతుంది. ఎవడో మళ్ళీ ఎత్తుకోమంటాడు. ఆమెకు ఏ అర్థం చెప్పమంటారు?