తూము దగ్గర మరిడమ్మ నోరు

నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్ళను మీరు చూశారో లేదో. దాన్ని అడ్డపొగ అంటారు. నోరు కాలదా, బూడిద ఎక్కడికి పోతుంది, మాట్లాడేటప్పుడు నిప్పు నాలుకకు తగలదా అని చిన్నప్పటినుంచీ నాకు ఒకటే కుతూహలం. మగవాళ్ళను అడిగితే నవ్వేవారు. తాగేవాళ్ళను అడిగితే నీకెందుకు పొమ్మనేవారు. చివరికి జవాబు చెప్పింది మా ఊరి పాపాయి. అదీ తన అత్త మరిడమ్మ సంగతిగా చెప్పింది.

మరిడమ్మ తుని వైపు పిల్ల. మొగల్తూరు దిగువన ఏటి ఒడ్డునున్న మా ఊరికి కోడలిగా వచ్చినప్పుడే ఈ అలవాటును వెంట తెచ్చుకుంది. దానికి ఆమె చెప్పే కారణాలు వింటే ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. గాలికి నిప్పురవ్వ ఎగిరి తాటాకు కప్పు మీద పడదు. వాన జల్లుకు ఆరిపోదు. నెత్తిన కుండ, చంకలో బిడ్డ ఉన్నా చుట్టను చేత్తో పట్టుకోనక్కర్లేదు. బూడిద కొంత ఉమ్మేది, కొంత మింగేది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఒక తరం గడిచినా, మా ఊరికి కాలువ నీళ్ళు అందరికన్నా చివర వచ్చేవి. అవి వచ్చేదాకా ఆగితే నారుమళ్ళు ఎండిపోతాయి గనుక ఏటి నీళ్ళే తూము గుండా వదులుకునేవారు. ఆ నీళ్ళతో పేచీ ఏమిటంటే, సముద్రం పోటు మీదుంటే ఉప్పు ఎదురెక్కుతుంది. పైన వాన పడి ఏరు దిగువకు పారితే మంచినీళ్ళవుతాయి. కంటితో చూసి చెప్పలేరు, నోట పోసుకోవాలి. ఒకడు ఉప్పంటే ఇంకొకడు కాదనేవాడు, తూము దగ్గర కొట్టుకున్నంత పనయ్యేది. అందుకని పెద్దలు ఒక కట్టడి చేశారు. తూము కాసే ఇంటివాళ్ళే రుచి చూడాలి, వాళ్ళ మాటే మాట, మిగతావాళ్ళు నోరెత్తకూడదు.

తూము కాసే మొగుడు పోయాక ఆ పని మరిడమ్మకు వచ్చింది. వేపపుల్లతో పళ్ళు తోముకుని, పుల్లను చీల్చి నాలుక గీసుకుని, పుక్కిలించి, అప్పుడు దోసిట్లో నీళ్ళు తీసుకునేది. ఎత్తండి అందంటే తూము తలుపు లేచేది. ఎంత పెద్ద రాజులైనా ఆమె ఉమ్మేదాకా గొడుగు కింద నిలబడి చూడాల్సిందే. ఆ గర్వం ఆమెకుండేది, ఉండదూ మరి!

ఒక ఏడు ఏరువాకకు ముందు అలాగే ఎత్తండి అంది. వారం తిరక్కుండా నారు కొసలు ఎర్రబడి మొదలంటా మాడిపోయింది. ఊళ్ళో పెద్ద రైతు సుబ్బరామరాజుగారి నారుమడితో పాటు పక్కనున్న చిన్న రైతులవీ పోయాయి. దిష్టి అన్నారు, విత్తనం పుచ్చిందన్నారు, అమ్మవారికి కోపమొచ్చిందన్నారు. ఉప్పు అన్నవాడు లేడు. తీరా చూస్తే, ఆ రోజు తూము దగ్గర మొహం కడుక్కున్న కొందరికి నీళ్ళు ఉప్పగానే తగిలాయట. కట్టడి కదా, నోరు మూసుకున్నారు. ఇలాంటి బుద్ధిమంతులను తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాపాయికి అనుమానం ఇంట్లో పుట్టింది. అత్త కొంతకాలంగా పులుసులో గుప్పెళ్ళకొద్దీ ఉప్పు పోస్తోంది, అయినా చప్పగా ఉందని కంచం తోసేస్తోంది. తిండి సయించక చిక్కిపోయింది. ఒక పొద్దున ఆమె తలెత్తి పుక్కిలిస్తుంటే పాపాయి వంగి నోట్లోకి చూసింది.

"ఇదేంటత్తా, నీ అంగిట్లో సున్నం ఏసినట్టుంది. మధ్యలో ఎర్రెర్రగా సుక్కలు."

"నిప్పుండే సోటు కదే, అలాగే ఉంటది," అని మరిడమ్మ మూతి తుడుచుకుంది.

పాపాయి అంతటితో ఊరుకునే రకం కాదు. ఒక ముంతలో మంచినీళ్ళు, ఇంకో ముంతలో ఉప్పు కలిపిన నీళ్ళు పోసి అత్త ముందు పెట్టింది. మరిడమ్మ రెండూ తాగి, రెండూ ఒకటే కదా, ఏమిటి నీ తమాషా అంది. అప్పుడు కోడలి మొహం చూసింది. ముంతలు మళ్ళీ తీసుకుంది, మళ్ళీ తాగింది.

ఇద్దరూ వైద్యుడు వీరబ్రహ్మంగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఏడాదిగా ఆమె నాడి పట్టుకుని అరుగుదలకు చూర్ణాలిస్తున్నవాడే. నాడికి మణికట్టు చాలు గనుక నోరు తెరవమని ఎన్నడూ అనలేదు. ఇప్పుడు వెలుతురులోకి తిప్పి చూసి ఆయన కంగారుపడ్డాడు. ఏళ్ళ తరబడి కాలీ కాలీ నోట్లో రుచి చచ్చిందని, తినబుద్ధి కాకపోవడం, నీరసం దాని వెంటే వచ్చాయని చెప్పాడు. అడ్డపొగ మానమన్నాడు, రోజూ నువ్వులనూనె పుక్కిట పట్టమన్నాడు. రుచి తిరిగొస్తుందా అని పాపాయి అడిగితే, అంగిట్లో పుండు పడకపోతే అదే పదివేలు, రుచి సంగతి చెప్పలేనన్నాడు.

మరిడమ్మ చుట్టను తిప్పి అందరిలా కాల్చి చూసింది. ఇదేం పొగ, పొయ్యి ఊదినట్టుందని తిట్టి అసలుకే మానేసింది. అంగిట్లో తెల్లదనం పలచబడింది. అన్నం సయించింది, ఒంట్లో కాస్త కండ పట్టింది. కారం తెలిసింది, పులుపు తెలిసింది. ఉప్పు తెలిసినట్టే ఉండేది, కానీ అది నిజమో తన ఆశో ఆమెకే అంతుపట్టేది కాదు. ఊళ్ళో చెప్పనని మాత్రం కోడలి చేత ఒట్టు వేయించుకుంది. తూము చేజారితే ఆ ఇంటికి ఇంకేం మిగులుతుంది?

మరుసటి ఏడు నారుమళ్ళ వేళకు అందరూ తూము దగ్గర చేరారు. మరిడమ్మ దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట పోసుకుంది. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉంచుకుని ఉమ్మింది. ఏవంటావు మరిడమ్మా అని సుబ్బరామరాజుగారు అడిగారు. కూలీలు తలుపు మీద చేతులు వేశారు. ఆమె ఎత్తండి అనలేదు, వద్దనీ అనలేదు. వెనక్కి తిరిగి పాపాయిని ముందుకు లాగి, దోసెడు నీళ్ళు ఆమె చేతుల్లో పోసింది.

"నాకు సప్పగానే ఉందండి, రాజుగారండి," అంది, అందరికీ వినబడేలా. "నిరుడూ ఇలాగే ఉంది. మీ నారు మాడ్సింది నా నోరేనండి. ఇక మా కోడలి మాట ఇనండి."

పాపాయి నోట పోసుకుని వెంటనే ఉమ్మేసింది, వద్దంది. కూలీలు చేతులు తీసేశారు. రాజుగారు మరిడమ్మను ఒక్క మాటా అనలేదు. నిరుడు ఇంకెవరికైనా ఉప్పు తెలిసిందా అని చుట్టూ ఉన్నవాళ్ళను అడిగితే, ఒక్కొక్కరే తలలు దించుకున్నారు.

మరిడమ్మ గట్టు మీద కూలబడి కోడలిని దగ్గరికి పిలిచింది.

"ఎంత ఉప్పుందే?"

"నోట పెట్టలేం అత్తా," అంది పాపాయి.

మరిడమ్మ కొంగు మొహాన కప్పుకుని, అంతమంది ముందూ ఏడ్చింది.