సింహాచలం బాబాయి తెరిచిన బరోలో సీసా

నిన్న పొద్దున టెల్కో కాలనీ బస్టాపు దగ్గర రోడ్డుకు తారు వేస్తున్నారు. షిఫ్టు బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. నేను పెట్టుకోలేదు. కాగిన తారులో ఇంకేమేం ఉన్నాయా అని వెతుక్కుంటూ ఉండిపోయాను. పొగ, వేడెక్కిన మట్టి, అడుగున ఎక్కడో కాస్త తీపి. వాసన ముందు ఇలా ఆగడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నేర్పిన మనిషి పేరు సింహాచలం. జంషెడ్‌పూర్‌లో నేను పనిచేసే పాత క్లబ్బు భోజనశాలకు ఆయన ముప్పై ఏళ్లకు పైగా హెడ్ బేరర్‌గా, వడ్డించేవాళ్లందరికీ పెద్దగా పనిచేశాడు.

హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా ముగించి అక్కడ చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ భోజనశాలలో వడ్డించడానికి చేరిన మొదటి ఆడమనిషిని నేనే. "తాగుడు సీసాలు మొయ్యడానికేటే నువ్వు సదువుకున్నావు?" అని మా అమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. సింహాచలం గారిది శ్రీకాకుళం పక్క, మా నాన్నవాళ్లదీ అటే. ఆయన ఊళ్లోనే సీతారాండేరా బస్తీలో ఉండేవాడు. ఆ చనువుతోనే రెండో రోజు నుంచి బాబాయి అని పిలిచాను. తెలుగువాళ్ల ముందు తెలుగు, సాహెబుల ముందు హిందీ, ఎవరి ముందైనా తక్కువ మాటలు. వైన్ల గురించి అంత తెలిసిన మనిషి జీవితంలో ఒక్క చుక్క తాగలేదు. మరెలా తెలుస్తుందని అడిగితే, "తాగినోడికి రెండో గ్లాసు కాడ్నించి ఏటి తెలుత్తాది? ముక్కు సాలు" అన్నాడు.

మొదటి నెల నాకు సీసాలు చూపించలేదు. వంటింటి డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి, నన్ను కళ్లు మూసుకోమని ముక్కు దగ్గర పెట్టేవాడు. వాము, పాత బియ్యం, నిమ్మతొక్క, ఇత్తడి తోమే పొడి. నేను "బాగుంది" అంటే ఆయనకు నచ్చేది కాదు. "బాగుందా నేదా అని నేనడగనేదు. ఏటుందో అది సెప్పు" అనేవాడు. ఉన్నది చెప్పడం బాగోగులు చెప్పడం కంటే ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మెట్ల కింద కిటికీ లేని చిన్న చల్లటి గది ఒకటుంది. వైన్ సీసాలన్నీ అందులోనే. అట్టడుగు అరలో ఒక సీసా మాత్రం క్లబ్బుది కాదు, దత్తా గారిది. ఆయన రిటైరైన ఇంజనీరు. ఉద్యోగంలో ఉన్నప్పుడు యంత్రాల పని మీద ఏడాదిపాటు ఇటలీలో ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు అక్కడి స్నేహితుడు ఒక బరోలో సీసా ఇచ్చి, దీన్ని తొందరపడి తెరవకు అన్నాడట. బరోలో అంటే ఆ దేశపు ఉత్తరాన కొండవాలుల్లో పండే ద్రాక్షతో చేసే ఎర్ర వైను. కుర్ర వయసులో గొంతు పట్టేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. మా ఊరి ఎండలకు ఇంట్లో పెడితే పాడవుతుందని దత్తా గారు దాన్ని బాబాయికి అప్పగించాడు. ఇరవై ఎనిమిదేళ్లు అది అక్కడే పడుకుని ఉంది. ఒక మే నెలలో ఏసీ చెడిపోయి ఎనిమిది రోజులు ఆ గది వేడెక్కిపోయిందట. "ఆ ఎనిమిది రోజుల్లో దానికేటయిందో తెరిసేదాకా తెల్దు" అని బాబాయి అప్పుడప్పుడూ అనేవాడు.

మహమ్మారి రెండో ఏడు ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది. తిరిగి పనిలోకి వచ్చిన వారానికి, వంటింటి పక్కగదిలో స్టవ్ మీద పాలు మాడిపోతున్నాయి. బాబాయి గజం దూరంలో నిలబడి నింపాదిగా గ్లాసులు తుడుస్తున్నాడు. నేను పరుగెత్తి స్టవ్ ఆపాను. ఆయన నా మొహం చూశాడు.

"మాడినాయా?"

"కబ్ కా, బాబాయ్. ఎప్పుడో మాడిపోయాయి."

చేతిలో గ్లాసు తుడవడం పూర్తి చేసి పక్కన పెట్టాడు. "ఎవలికీ సెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన పక్కనే నిలబడి, సీసా తెరిచినప్పుడల్లా పెదవి కదపకుండా వాసనలో ఏముందో చెబుతూ వచ్చాను. ఆయన తలూపేవాడు. అతిథులకు తెలియలేదు.

దత్తా గారు తనకు డెబ్భై అయిదు నిండిన రోజు మధ్యాహ్నం నలుగురు స్నేహితులను భోజనానికి పిలిచి, ఆ సీసా తెరవమన్నాడు. బాబాయి మూడు రోజుల ముందే దాన్ని నిలబెట్టి ఉంచాడు, మడ్డి అడుగుకు దిగాలని. కార్కు బిరడా సగంలో విరిగింది. మిగిలిన ముక్కను ఊపిరి బిగబట్టి పైకి లాగాడు. సీసా మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి, వెడల్పు గాజు కూజాలోకి సన్నటి ధారగా వంచాడు. మడ్డి నల్లటి దారంలా మెడ దగ్గరికి రాగానే ఆపేశాడు. గ్లాసులో వేలెడంత పోశాడు. వైను నడుమ మాణిక్యం రంగు, అంచున ఇటుక రంగు.

"ఈయన వాసన చూసి తలూపితే చాలు, నేను రుచి కూడా చూడను" అని దత్తా గారు స్నేహితులతో అన్నాడు. అందరూ బాబాయి వైపు తిరిగారు. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ ముక్కుకు ఏమీ తగలదని ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. తలూపితే అయిపోయేది. ఆయన గ్లాసు దించాడు.

"సాబ్, జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు వాసన తెలియడం లేదు. ఈ అమ్మాయికి తెలుస్తుంది" అని హిందీలో చెప్పి, గ్లాసు నా చేతికిచ్చాడు.

ముందుగా తగిలింది తడి గోనె. జుగ్సలాయి గోదాముల్లో వానాకాలం వచ్చే వాసన.

"ఏటొత్తంది?" అన్నాడు తెలుగులో.

"తడి గోనె, బాబాయ్."

"ఇంకేటి?"

"దాని వెనకాల తారు. ఎండిన గులాబీ రేకులు."

"గోనె పెరిగితే కార్కు సెడగొట్టినట్టు. తగ్గితే ఇన్నేళ్లు లోపల మగ్గిన గాలి, అంతే. ఆగి సూడు."

దత్తా గారిని పావుగంట ఆగమని అడిగాడు. ఒక స్నేహితుడు, పాడైపోయిందని చెప్పెయ్యవచ్చుగా అని నవ్వాడు. బాబాయి కదల్లేదు. అయిదు నిమిషాలకు గోనె అలాగే ఉంది. పది నిమిషాలకు కాస్త తగ్గిందనిపించింది, ఆ మాటే చెప్పాను. "నీకేటి కావాలో అది వాసన సూడకు" అన్నాడు మెల్లగా. నాకు సిగ్గేసింది. మళ్లీ చూశాను. పావుగంట అయ్యేసరికి గులాబీ ముందుకొచ్చింది. నారింజ తొక్క, పాత చెక్కపెట్టె.

"గోనె పోయింది."

"పోనాదా, పోయినట్టుందా?"

"పోనాది."

అప్పుడు పోశాడు, ఒక్కో గ్లాసులో మూడోవంతు. వయసు మళ్లిన వైను ఎక్కువసేపు నిలవదని, ఇప్పుడే తాగమని అతిథులకు చెప్పాడు. దత్తా గారు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ మధ్యాహ్నమే బాబాయి మేనేజరు దగ్గరికి వెళ్లి విషయం చెప్పి గది తాళాలు ఇచ్చేశాడు. ఉండమని మేనేజరు ఎంత చెప్పినా రెండు నెలల్లో పని మానేశాడు.

తర్వాతి ఏడు ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. పిన్ని మెత్తళ్ల చేపల పులుసు పెట్టింది. కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబాయి తల వంచుకుని తింటున్నాడు.

"ఎలగుందంటే బాగుందంటాడు, అంతకుమించి ఒక్క ముక్క సెప్పడు. నువ్వు సెప్పమ్మా" అంది పిన్ని.

బాబాయి నావైపు చూశాడు. ఆ కారణం నేను చెప్పాల్సింది కాదు. ఆయన చెయ్యి కంచంలోనే ఉంచి, "నాకు వాసన తెల్దే. జొరమొచ్చిన కాడ్నించీ" అన్నాడు. క్లబ్బులో అంతమంది ముందు చెప్పిన మనిషి, ఇంట్లో అంతవరకూ చెప్పలేదు.

పిన్ని గరిటె ఆపలేదు. "నాకు తెల్దేటి? అందుకేగా కారం దండిగా ఏత్తన్నాను. అదొక్కటైనా తెలుత్తాదని."

ఆయన కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు.

మెట్ల కింద గది తాళాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. కొన్ని సీసాల గురించి అతిథులు అడిగినప్పుడు నాకు జవాబు తెలియదు. "తెలియదు, కాసేపు ఆగితే చూసి చెబుతాను" అంటాను. ఆ మాట అనడం నాకింకా తేలిక కాలేదు.