మాస్టారి ‘ఆగు’లు

ఆ అచ్చు ఆఫీసులో ఆవిణ్ణి అందరూ మీసాలక్క అంటారు. మీసాలు ఆవిడవి కావు, బ్రాకెట్లవి. లెక్కల పుస్తకాలను కంప్యూటరు ఆజ్ఞలతో కూర్చే ఫైళ్లలో వంకర బ్రాకెట్లు జంటలు జంటలుగా ఉంటాయి. వాటికి ‘మీసాల బ్రాకెట్లు’ అని పేరు పెట్టింది ఆవిడే. వెయ్యి వరసల్లో ఒక్క మీసం ఊడినా, టేబుల్ మీద కాఫీ చల్లారేలోపు పట్టేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని.

ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు. పాతికేళ్ల కిందట తన పుస్తకాన్ని ఆజ్ఞలతో సహా తానే టైపు చేసుకున్న మనిషి. కొత్త ముద్రణకు దాన్ని దిద్దాలి. చూపేమో మందగించింది.

“ఆ గీతలూ మీసాలూ చీమలబారులా కనిపిస్తున్నాయమ్మా. తెరమీద భిన్నం భిన్నంలాగే కనబడే ఎడిటరు ప్రోగ్రాము ఒకటుందట కదా? అందులోకి మార్చిపెట్టు. నేనే దిద్దుకుంటాను.”

“ఇంకెవరిచేతైనా దిద్దిద్దాం, మాస్టారూ,” అన్నాడు మేనేజరు.

“తప్పులు నావి. వేరేవాళ్లకి ఎందుకయ్యా?”

మార్చే ప్రోగ్రాము ఉంది. తనకు తెలిసిన ఆజ్ఞలను అది మారుస్తుంది, తెలియనివాటిని ఎర్ర పెట్టెల్లో పెట్టి వదిలేస్తుంది. మొదటి అధ్యాయం తెరవగానే మేనేజరు గుడ్లు తేలేశాడు.

“అక్కా, పేజీకి తట్టు పోసిందే!”

మాస్టారు సొంతంగా బోలెడు ఆజ్ఞలు కల్పించుకున్నారు. మీసాలక్క ఒక్కొక్కదాని అర్థం వెతికి ప్రోగ్రాముకు నేర్పింది. ఒకటి మాత్రం అంతుపట్టలేదు. దాని పేరు ‘ఆగు’. అది ఏమీ అచ్చువేయదు, వరసకీ వరసకీ మధ్య కాస్త ఖాళీ వదులుతుందంతే. చెత్త అనుకుని అన్నిచోట్లా తీసేసింది. తర్వాత పట్టికలూ బొమ్మలూ చేత్తో సర్దడానికి మూడురోజులు పట్టింది.

మాస్టారు వచ్చి అక్షరాలు పెద్దవి చేసుకుని చదివారు. మొహం విప్పారింది. రెండో పేజీలో వేలు ఆగిపోయింది.

“ఇక్కడ ఖాళీ ఏదమ్మా?”

“ఏ ఖాళీ, మాస్టారూ?”

“కష్టమైన మెట్టుకి ముందు కాస్త జాగా వదిలేవాణ్ణి. పిల్లలు అక్కడ ఆగి, తర్వాతి మెట్టు వాళ్లే ఆలోచించాలని.”

మీసాలక్క తెరకేసి ఒకసారి చూసింది. “అది చెత్తనుకుని నేనే తీసేశానండి,” అంది.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన వెళ్లాక మేనేజరు గొంతు తగ్గించి, “ఖాళీయే కదక్కా! ఎవరడుగుతారు?” అన్నాడు.

“అడిగారుగా.”

“పోనీ, పాత పుస్తకం చూసి అక్కడక్కడా పెట్టెయ్.”

“అక్కడక్కడా కాదు, ఆయన పెట్టినచోటే.”

మూడురోజుల పనినీ పక్కన పడేసి, అసలు ఫైలుతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకో సంగతి తట్టింది. వట్టి ఖాళీ అయితే తెరమీద మాస్టారి కళ్లకు ఆనదు. అందుకని ‘ఆగు’ వచ్చినచోటల్లా ఆ మాటే రాసిన బూడిదరంగు పెట్టె కనబడేలా చేసింది. అచ్చులో మాత్రం పాత ఖాళీయే వస్తుంది. అసలు ఫైల్లో లెక్కపెడితే మూడువందల పన్నెండు. కొత్త ఫైల్లోనూ అంతే.

మర్నాటినుంచి మాస్టారు రోజూ వచ్చి ఆవిడ పక్కన కూర్చుని దిద్దుకున్నారు. చివరిరోజు ఒక పెట్టెను తానే పట్టుకుని పై వరసలోకి జరిపారు.

“ఇది పాతికేళ్లుగా తప్పుచోట ఉంది,” అని, దాని కింది వరసను అరచేత్తో కప్పేశారు. “చెప్పు, తర్వాతి మెట్టేంటి?”

“నేను లెక్కలు కూర్చేదాన్నే గానీ చేసేదాన్ని కాదు, మాస్టారూ.”

“ఇన్ని ‘ఆగు’లు పెట్టావు. ఒక్కదాని దగ్గరైనా ఆగవా?”

మీసాలక్క పెన్సిలు అందుకుంది. రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. మాస్టారు చెయ్యి తీయలేదు.

“అక్కా, ఆ ఫైలు అచ్చుకి పంపేదా?” గుమ్మంలోంచి అరిచాడు మేనేజరు.

తలెత్తకుండానే అంది మీసాలక్క. “ఆగు.”