నొప్పి మొదలైన చోటు

మా పెదనాన్న పదిహేడేళ్లు సైన్యంలో స్ట్రెచర్ మోశారు. ఒకసారి వానలో కొండ దిగుతూ జారితే, కుడి మోకాలు బండకు కొట్టుకుంది. చేతిలోని స్ట్రెచర్ మాత్రం ఒరగనివ్వలేదు. దాని మీదున్న గాయపడ్డ సైనికుడు బతికాడు.

ఇప్పుడాయన తాళంచెవులు చేసే కొట్టు నడుపుతున్నారు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన దగ్గర్నుంచి నేనూ అక్కడే కూర్చుంటున్నాను. ఆయన ఎత్తు స్టూలు మీద కూర్చుని, కుడికాలు ముందుకు చాపి, ఆకురాయితో తాళంచెవి పళ్లు అరగదీస్తారు. పొద్దంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప.

వైకల్య పింఛను రావాలంటే కనీసం ఇరవై శాతం వైకల్యం ఉన్నట్టు మిలిటరీ డాక్టర్లు రాయాలి. మొదటి పరీక్షలో పది రాశారు. 'మోకాలు పూర్తిగా వంగుతోంది' అని కారణం చూపించారు.

"వంచమనగానే వంచేయడమేనా? నొప్పని చెప్పొద్దూ?" అని పెద్దమ్మ నిలదీసింది.

"డాక్టరు కూడా ఆఫీసరే. ఆర్డరు ఆర్డరే కదే."

"విరగ్గొట్టుకోమన్నా విరగ్గొట్టుకునేలా ఉన్నారు!"

పెద్దమ్మ పట్టుబట్టి అప్పీలు వేయించింది. మళ్లీ పరీక్షకు పిలిచినప్పుడు నన్ను వెంట పంపింది. "నీకు నోరు లేకపోయినా కళ్లున్నాయి. వెళ్లవే" అంది.

ఈసారి ఒక డాక్టరమ్మ. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, కోణాలు కొలిచే ప్లాస్టిక్ పట్టీని మోకాలి పక్కన ఆనించింది. "నొప్పి మొదలవగానే చెప్పండి" అంటూ మెల్లగా వంచసాగింది.

కాలు సగం వంగిందో లేదో పెదనాన్న అందుకున్నారు. "ఈ మోకాలి చప్పుడుకి లేస్తామని మా ఇంట్లో అలారం కూడా కొనలేదు మేడమ్!"

పక్కన కూర్చుని రాసుకుంటున్న గుమాస్తా పగలబడి నవ్వాడు. డాక్టరమ్మ కూడా నవ్వుతూ ఇంకా వంచుతోంది.

"ఆపండి మేడమ్." నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "ఆపండి. నొప్పి వచ్చేసింది."

"నవ్విస్తున్నారుగా!"

"నొప్పి వస్తేనే జోకులేస్తారండి. లేకపోతే మాటే ఉండదు."

పెదనాన్న ముఖం కందిపోయింది. "చిన్నపిల్ల మేడమ్. దానికేం తెలుసు?"

డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. "స్ట్రెచర్ మోసేవారు కదా. ఎక్కడ నొప్పని దెబ్బ తగిలినవాణ్ణి అడిగేవారా?"

"ముందు అదే అడుగుతాం."

"వాడు దాచిపెడితే?"

"ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు."

ఆ మాట అన్నాక ఆయనే మళ్లీ కాలు చాపారు. డాక్టరమ్మ మొదట్నుంచి వంచింది. నలభై అయిదు డిగ్రీల దగ్గర పెదనాన్న కళ్లు మూసుకున్నారు.

"ఇక్కడ" అన్నారు.

ఆయన నోట అలాంటి మాట వినడం నాకదే మొదటిసారి. తిరిగొస్తుంటే ఇంటి మలుపు దగ్గర, "బాగానే కనిపెట్టావే" అన్నారు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ముప్పై శాతం. 'విధి నిర్వహణలో కలిగిన గాయం' అని స్పష్టంగా రాసి ఉంది. పెద్దమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది. పెదనాన్న ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, కింద వాటా టైలరుకు చూపించడానికి బయల్దేరారు. ఎవరైనా చూస్తుంటే మెట్ల కమ్మీ ముట్టుకోని మనిషి, ఆ రోజు వాటాలవాళ్లంతా చూస్తుండగానే దాన్ని పట్టుకుని, తల ఎత్తుకుని, ఒక్కో మెట్టూ దిగారు.