అందరూ విన్న సాక్ష్యం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నరసరావుపేటలో ఒక ఇఎన్‌టి డాక్టరు గారి ఆసుపత్రి మేడ మీద నాకొక చిన్న గది, దాని పక్కనే బయటి చప్పుడు దూరని, అద్దం కిటికీ ఉన్న సౌండ్ రూమ్. నేను ఆడియాలజిస్టుని, అంటే చెవికి ఎంత వినపడుతుందో కొలిచి అవసరమైతే మెషిన్ అమర్చేదాన్ని. పాస్టరు గారి కూతుర్ని కూడా. ఆ సంగతి ఎట్లాగో తెలుసుకుని కొందరు చెవి చూపించుకోవడంతో పాటు ప్రార్థన కూడా చేయించుకుందామని చూస్తారు. నేను చెవి వరకే చూస్తానని మొహం మీదే చెప్పేస్తాను.

ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాల్లో గురజాల వైపు నుంచి దావీదు, ఆయన భార్య సుగుణమ్మ వచ్చారు. ఆయన నాపరాయి క్వారీలో పనిచేసి మానుకున్న మనిషి. ఆమెకు బొత్తిగా వినపడదు. ఆపరేషన్ వల్ల లాభం లేదని స్కాన్ చూసి డాక్టరు గారు చెప్పేశారు. మెషిన్‌తోనైనా ఏమైనా అందుతుందేమో చూడమని పైకి పంపారు.

కేస్ హిస్టరీ, అంటే రోగం పుట్టుపూర్వోత్తరాలు, ముందుగా అడగాలి.

"ఎప్పటి నుంచి వినపడట్లేదు బాబాయ్? దెబ్బేమైనా తగిలిందా?"

ఈ ప్రశ్నకు మగవాళ్ళు మామూలుగా జ్వరమనో, జారిపడిందనో చెబుతారు. దావీదు గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"నేనే కొట్టానమ్మా. ఎడం చెవి చిన్నప్పుడే చీము కారి పోయింది. కుడి చెవితో ఇనేది. ఆ రోజుల్లో నేను ఘోరపాపిని. తాగొచ్చి కొడితే పోయి గోడకి పడింది. ఇంక ఇనపళ్ళా. ప్రభువు నన్ను ఎతుక్కుంటా వచ్చి మార్చాడు. బాప్తిస్మం తీసుకున్నా. మళ్ళా చుక్క ముట్టలా."

ఎక్కడా తడబాటు లేదు. చర్చిలో మైకు ముందు నిలబడి దేవుడు తనను ఎట్లా మార్చాడో చెప్పడాన్ని సాక్ష్యం అంటాం. అవి వింటూ పెరిగినదాన్ని, ఆ రాగం నాకు తెలియంది కాదు.

"చర్చిలో చెబుతుంటావా ఇది?"

"ప్రతి ఏడూ చెబుతా. ఉపవాస కూడికల్లో నన్నే పిలుస్తారు. చానామంది ఏడుస్తారమ్మా." ఆయన గొంతు తగ్గింది. "ఇదొక్కతే ఇన్లా. ఈ ఈస్టర్‌కన్నా నా సాక్ష్యం ఇనాల. అందుకే తీసుకొచ్చా."

"పిన్నితో విడిగా ఎప్పుడూ చెప్పలేదా?"

"దానికి ఇనపడదు గదమ్మా!"

నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ పరీక్ష మొదలుపెట్టాను. సుగుణమ్మను సౌండ్ రూమ్‌లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమని సైగ చేశాను. ఆశ్చర్యం, ఆమె చకచకా నొక్కింది. నేను శబ్దం ఆపేసినా నొక్కుతూనే ఉంది. అప్పుడు గమనించాను. ఆమె చూపంతా కిటికీ అవతల ఉన్న భర్త మొహం మీదే ఉంది. ఆయన ఆశగా ముందుకు వంగితే ఆమె నొక్కుతోంది. ఆయన్ని బయటికి పంపి మళ్ళీ మొదలుపెట్టాను. ఎంత పెంచినా బటన్ కదల్లేదు. వినికిడిని గీతగా చూపించే కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటాం. ఆమె కాగితం మీద గీయడానికి గీతే లేదు.

మెషిన్ శబ్దాన్ని పెంచుతుంది, చచ్చిన నరానికి ప్రాణం పొయ్యలేదు. ఆ మాట చెబితే దావీదు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మరి నా సాక్ష్యం ఎట్టా ఇంటది?"

"మూతి కదలిక చూసి పిన్ని మాట పట్టుకుంటోంది బాబాయ్. దూరంగా నిలబడి, మైకు మూతికి అడ్డం ఉంటే పట్టుకోలేదు. దగ్గరైతే నీ మాట ఇంకా బాగా పట్టుకుంటుంది. ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పు."

కుర్చీలు ఎదురెదురుగా వేశాను. ఆయన కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, "ఆ రోజుల్లో నేను ఘోరపాపిని" అని మొదలుపెట్టాడు. సుగుణమ్మ ఆ చెయ్యి చూసి గబగబా ముసుగేసుకుని, తల వంచి, "ఆమెన్" అంది. ప్రార్థన అనుకుంది పాపం.

"ప్రార్థన కాదు బాబాయ్. కళ్ళు తెరువు. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు."

ఆయన కళ్ళు తెరిచి, ఎత్తిన చెయ్యి దించాడు. ఆ చెయ్యే చాచి ఆమె కుడి చెవి ముట్టుకున్నాడు. "నేనే కొట్టా. నీ చెవి నేనే పోగొట్టా. తప్పయిపోయిందే."

ఆమె ఆయన పెదవుల్నే చూసింది. వినపడని వాళ్ళకు తమ గొంతు ఎంతో తెలియదు. మెట్ల కింద వరకూ వినపడేటట్టు అంది: "కొట్టింది నువ్వని నాకు తెలవదా? ఎప్పుడన్నా అంటావేమోనని చూశా. ఎప్పుడూ అనలా." ఆమె కళ్ళు ఒక్కసారి చిన్నవయ్యాయి. "చర్చిలో మైకు పట్టుకుని చెప్పేది ఏంది?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఇదే" అన్నాడు.

"అందరికీ చెప్పావా? వాళ్ళు చప్పట్లు కొడితే నేను గూడా కొట్టా గదయ్యా!"

ఆ గదిలో నేను చాలా ఏడుపులు చూశాను. ఆ మాట విన్నాక మాత్రం నాకే కళ్ళు నిండాయి. ఆమె ఏడవలేదు. లేచి, సంచీ తీసుకుని, ఆయనకంటే ముందు మెట్లు దిగిపోయింది.

ఆ ఈస్టర్‌కు దావీదు మైకు పట్టుకోలేదట. సుగుణమ్మ ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి పోలేదట. మనసులో ఒకరి మీద కోపం ఉంచుకుని ఆ రొట్టె ముట్టకూడదని మావాళ్ళ పట్టింపు. భార్య తీసుకునే దాకా తనూ తీసుకోనని వెనక బెంచీలో కూర్చున్నాడట దావీదు. చాలా రోజుల తర్వాత ఏదో పని మీద నరసరావుపేట వచ్చి ఆయనే నాతో చెప్పిన సంగతులివి.

"రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని చెబుతున్నానమ్మా. ఒకోరోజు మొహం తిప్పుకుంటది. ఇష్టం లేదన్నమాట. నేనింక ఆ తిప్పిన పక్కకి పోయి చెప్పను."

మారుమనస్సు గురించి మా నాన్న ప్రసంగాలు బోలెడు విన్నాను. దేవుడి వైపు తిరగడం అని చెప్పేవారు, అది నిజమే. కానీ దెబ్బ తిన్న మనిషి వైపు తిరగడం అంతకంటే కష్టమని, దాన్ని దాటేసి దేవుడి దగ్గరికి అడ్డదారి లేదని నాకు తెలిసింది ఆ రెండు కుర్చీల దగ్గరే. అప్పటి నుంచి పరీక్ష అయ్యాక మాట్లాడేటప్పుడు, వెంట వచ్చిన వాళ్ళ కుర్చీ రోగి వెనక వెయ్యడం మానేశాను, ఎదురుగానే వేస్తున్నాను.

వెళ్ళబోతూ దావీదు గుమ్మం దగ్గర ఆగాడు.

"నిన్న నేను నోరు తెరవకముందే, 'చాల్లే, అన్నం తిను' అన్నది. అంటే నన్ను క్షమించినట్టేనా అమ్మా?"

"ఆ మాట కూడా నన్నే అడుగుతున్నావా బాబాయ్?"

ఆయన గుమ్మం దాటాడు. చెప్పులేసుకుని గురజాల బస్సు కోసం వెళ్ళిపోయాడు.