బర్రెల చెరువులో హంస వాహనం

ఒకే ఒక్క బోర్డు రాసి ఒక చెరువును, ఒక రిసార్టును, ఒక బిర్యానీ పొయ్యిని, సొంత మేనమామను ఒకేసారి ముంచినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి. దానికి తుపాను అక్కర్లేదు, గోదావరికి వరద రానక్కర్లేదు. ఎమ్మే హిస్టరీ థర్డ్ క్లాసులో గట్టెక్కి ఖాళీగా కూర్చున్న మేనల్లుడు ఒకడుంటే చాలు. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో నవ్వడం ఎప్పుడో అయిపోయింది.

రెండువేల అయిదో ఆరో సంవత్సరం. రిసార్ట్ అనే మాట మా వైపు అప్పుడే కొత్తగా దిగింది. నాలుగు క్రోటన్ మొక్కలు నాటి రేకుల షెడ్డుకు పచ్చరంగు కొట్టినవాడల్లా రిసార్ట్ ఓనరే. మా నర్సింహులు మామ సారపాక పేపరు మిల్లులో ఉద్యోగం ముందుగానే వదిలేసి, వచ్చిన సొమ్మంతా తెచ్చి నీళ్ళలో పెట్టాడు. నిజంగా నీళ్ళలోనే. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న బర్రెల చెరువును కౌలుకు తీసుకుని, హైదరాబాదులో ఏదో పార్కువాళ్ళు వద్దనుకున్న పెడల్ బోట్లు మూడు కొన్నాడు. రెండు మామూలువి, ఒకటి హంస. దారిలో హంస ముక్కు విరిగితే మామ లప్పం పెట్టి అతికించాడు. అది కాస్త వంకరపోయి, హంస అలిగిన బాతులా తయారైంది.

వంటకు ఖమ్మం నుంచి యాకూబ్ భాయ్ వచ్చాడు. ఆయన చికెన్ బిర్యానీ మూత తీస్తే అడవిలో ఎలుగుబంట్లు కూడా తల తిప్పేవని మామ అనేవాడు. పడవలు చూసుకోవడానికి ఆ ఊరి కోయ పెద్దమనిషి జోగయ్య ఉన్నాడు. తాటిమొద్దు తొలిచి చేసిన దోనెలో తిరుగుతూ ఆ చెరువులో చేపలు పట్టుకునే వంశం ఆయనది. ఇలా అన్నీ ఉన్నాయి, జనమే లేరు. వచ్చేవాళ్ళల్లా ఆఫీసర్లు, వాళ్ళ బామ్మర్దులు. ఫ్రీగా పడవెక్కి, ఫ్రీగా బిర్యానీ తిని, "ఇంకా డెవలప్ చెయ్యాలయ్యా" అని సలహా కూడా ఫ్రీగా ఇచ్చి పోయేవారు.

ఒకరోజు మామ ఖమ్మంలో ఖానాపురం హవేలి పేటలోని మా ఇంటికి వచ్చి చాప మీద కూలబడ్డాడు.

"అల్లుడా, ఎండాకాలం దాకా జనం రాకపోతే నా పని ఖతం. మల్ల మిల్లు గేటు కాడ కాంట్రాక్టు కూలోళ్ళ లైన్ల నిలబడాలె. నాకు సలాం కొట్టినోడే నాకు హాజరేస్తడు."

"నేనేం జెయ్యాలె మామా?"

"హిస్టరీ చదివినవ్ గద! పెద్ద పెద్ద రిసార్టులల్ల బోర్డు ఉంటది, చూసినవా? ఈ లేక్‌ల రాజులు తిరిగిండ్రు, దొరసానులు తిరిగిండ్రు అని. గసోంటిది మనకు ఒకటి రాయి."

నా చదువుతో ఒకరికి పని పడడం అదే మొదటిసారి. పెన్ను జేబులో పెట్టుకుని మర్నాడే బస్సెక్కి, చెరువుగట్టు మీద వల బాగుచేసుకుంటున్న జోగయ్య ముందు పరిశోధకుడిలా గొంతుక్కూర్చున్నాను.

"జోగయ్యా, ఈ చెరువుల మునుపు పడవెక్కినోళ్ళు ఎవరు?"

"మా తాత ఎక్కిండు. మా నాయిన ఎక్కిండు. నేనెక్కిన."

"పెద్దోళ్ళు ఎవరూ ఎక్కలేదా?"

"మా తాత పెద్దోడే గద సారూ."

"అది కాదయ్యా. రాజులు, రాణులు?"

జోగయ్య వలలో ఒక ముడి బిగించాడు. "ఒకపాలి కాల్వల ఓవర్సీరు ఎక్కిండు. దోనె తిరగబడ్డది. మల్ల రాలె."

ఇదీ బర్రెల చెరువు నౌకాయాన చరిత్ర. మొత్తం ఇంతే. బుద్ధి ఉన్నవాడైతే ఇదే బోర్డు మీద రాసేవాడు, జనం నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. నాకేమో డిగ్రీ మీద డిగ్రీ ఉంది కదా, బుద్ధి ఎక్కడ పెట్టను? పక్కనే భద్రాచలం ఉండగా రాజుల కోసం వెతకడమేమిటి అనిపించింది. అంతే, రాసిపారేశాను: "అరణ్యవాస కాలంలో స్వామివారు అమ్మవారితో కలిసి హంసనౌకపై ఈ సరస్సులో విహరించారని పెద్దలు చెబుతారు."

ఆ పెద్దలెవరంటారా? నేనే. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు.

బోర్డు పాతిన రోజున చదివి వినిపిస్తే జోగయ్య గడ్డం గోక్కున్నాడు.

"మా చెరువుల, మాకు తెల్వకుంట, దేవుడు పడవెక్కిండా?"

"శానా యుగాల కింద జోగయ్యా."

"గప్పుడు గూడ మేమే ఉన్నం గద!"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పకూడదని మాకు ఎమ్మేలోనే నేర్పారు. వినపడనట్టు టీ తాగడానికి పోయాను.

వారం తిరక్కుండానే భద్రాచలం పోయే యాత్రికుల బస్సు ఒకటి ఆగింది. మర్నాడు మూడు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం. మామ నన్ను కావలించుకుని "నీ చెయ్యి బంగారం రా అల్లుడా!" అన్నాడు. నేను కాలర్ సర్దుకున్నాను. ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి పడవెక్కారు. హంస నెత్తిన కొబ్బరికాయ కొట్టారు. వంకర ముక్కుకు పసుపు పూశారు. టికెట్ అడిగితే మామను ఎగాదిగా చూశారు.

"దేవుని పడవకు టికెట్టా? కండ్లు పోతయ్!"

ఒక పెద్దావిడ ముక్కు ఎగబీలుస్తూ వంటషెడ్డులోకి తొంగిచూసింది. "ఏంది నాయినా గీ వాసన?"

యాకూబ్ భాయ్ గిన్నె మీద మూతపెట్టి, మూత మీద తనే కూర్చున్నంత పనిచేశాడు. "ఏం లేదమ్మా, పొయ్యి వాసన!"

నెల తిరిగేసరికి క్షేత్రాభివృద్ధి కమిటీ అని ఒకటి పుట్టుకొచ్చింది. దాని అధ్యక్షుడు భద్రాచలంలో స్థిరపడ్డ రిటైర్డ్ ఓవర్సీరు కోటేశ్వరరావుగారు. అవును, జోగయ్య దోనె తిరగబడి నీళ్ళలో పడ్డ ఓవర్సీరే. ఆయన కండువా సర్దుకుంటూ చాలా మర్యాదగా చెప్పారు.

"చూడండి నర్సింహులుగారూ, పుణ్యక్షేత్రంలో మాంసం వండకూడదండీ. చేపలు పట్టకూడదండీ. టికెట్టు మాట అసలే ఎత్తకూడదండీ."

"మరి నేనేం తినాలె సార్?"

"ప్రసాదం ఉంటుంది కదండీ!"

ఆయన అటు వెళ్ళగానే మామ నా చొక్కా పట్టుకున్నాడు. "పో! పోయి అబద్ధమని చెప్పు!" నేను ఆయన వెనకే పరుగెత్తాను.

"సార్, ఆ బోర్డు నేనే రాసిన. అంతా కల్పితం సార్. దేవుని మీద ఒట్టు!"

కోటేశ్వరరావుగారు నా భుజం తట్టి, జాలిగా నవ్వి, ఆకాశం వైపు వేలు చూపించారు. "నువ్వు రాశాననుకుంటున్నావు బాబూ. నీచేత రాయించిందెవరు?"

దీనికి మీ దగ్గర జవాబుంటే చెప్పండి.

యాకూబ్ భాయ్ పులిహోర వండాడు. "భాయ్, నీకు పులిహోర వచ్చా?" అంటే, "బిర్యానీల నుంచి కోడిని తీసేస్తే పులిహోరే గద" అన్నాడు. మామ మిల్లు గేటు దగ్గర తెలిసినవాళ్ళను కలిసి రావడం మొదలుపెట్టాడు. జోగయ్య వల మడిచి దూలం మీద పెట్టేశాడు. "మీ దేవుడొచ్చి మా కూర తీస్కపోయిండు సారూ" అన్నాడు నన్ను చూసి. ఆ మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ రోజు పులిహోర కూడా సయించలేదు.

ఇంతలో ముక్కోటి వచ్చింది. భద్రాచలంలో ముక్కోటికి ముందు సాయంత్రం స్వామివారు హంస వాహనం మీద గోదావరిలో విహరిస్తారు కదా, మన క్షేత్రంలోనూ తెప్పోత్సవం జరగాల్సిందేనని కమిటీ తీర్మానించింది. మా వంకర ముక్కు బాతుకు సీరియల్ బల్బులు, బంతిపూలు కట్టారు. సీటు మీద దేవుడి పటం పెట్టి, చుట్టూ పట్టుబట్ట కట్టారు.

"పెడల్ తొక్కే మనిషి భక్తులకు కనపడకూడదండీ" అన్నారు అధ్యక్షులవారు. "బట్ట వెనకాల ఎవరు కూర్చుంటారు?"

మామ క్షణం కూడా ఆలోచించలేదు. "రాసినోడే తొక్కుతడు!"

అప్పటికే నా ఒళ్ళు రెండు సీట్లకు సరిపడా ఉంది. అయినా పటం కింద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, అగరొత్తుల పొగలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ తొక్కాను. డప్పులు మోగాయి, జనం జేజేలు కొట్టారు. సరిగ్గా చెరువు నడుమకు వచ్చాక నా కాలికింద పెడల్ టప్పున విరిగింది.

హంస ఆగింది. డప్పులు ఆగాయి.

"ఆగిందేందే?" అని ఒక గొంతు. "స్వామి సేద తీరుతుండు!" అని ఇంకో గొంతు. గట్టంతా చేతులు జోడించింది. అంతలో అగరొత్తి పొగ నా ముక్కులోకి పోయింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. బల్బులన్నీ ఊగేలా తుమ్మాను.

"హంస తుమ్మింది!"

గాలి హంసను తుంగపొదల వైపు తోస్తోంది. ఇంకాస్త పోతే పటమూ నేనూ బురదలోకే. మిగతా రెండు పెడల్ బోట్లు ఎప్పుడో తూట్లు పడి గట్టు మీదున్నాయి. మిగిలింది జోగయ్య దోనె ఒక్కటే. జోగయ్య దాని పక్కనే తాపీగా చుట్ట కాలుస్తున్నాడు.

"జోగయ్యా, తొందరగా వెళ్ళి లాక్కురావయ్యా!" అని కోటేశ్వరరావుగారు అరిచారు. నీళ్ళ మీద ప్రతి మాటా నాకు వినపడుతోంది.

"నాది చేపల దోనె సారూ. మైల గద?"

"ఫరవాలేదయ్యా!"

"ఇయ్యాల్నే ఫరవాలేదా, రేపు గూడ ఫరవాలేదా?"

హంస ఒక పక్కకు ఒరిగింది.

"రేపు కూడానయ్యా! పట్టుకో చేపలు!"

"యాకూబ్ భాయ్ కోడి వండాలె."

"అవతలి గట్టున వండుకోమను!"

"నర్సింహులు సారు టికెట్టు తీస్కోవాలె."

హంస ఇంకొంచెం ఒరిగింది. నేను లోపల పటాన్ని రెండు చేతులా పట్టుకుని దేవుడికి నిజంగానే మొక్కుకున్నాను.

"సరేనయ్యా బాబూ! అన్నీ సరే! పది మంది ముందు చెబుతున్నా!"

జోగయ్య చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "భయపడకుర్రి సారూ, మిమ్ములను మల్ల దోనె ఎక్కమననులే" అని చెప్పి బయల్దేరాడు. వలతాడు హంస మెడకు తగిలించి, పట్టుబట్ట దగ్గరికి మొహం తెచ్చి గుసగుసగా అడిగాడు.

"ఉన్నవా సారూ?"

"ఉన్న జోగయ్యా."

"ఉండు. బయటికి రాకు. తంతరు."

ఆ ఎండాకాలం మామ గట్టెక్కాడు. మిల్లు గేటు ముఖం మళ్ళీ చూడలేదు. ఇవతలి గట్టున పులిహోర, అవతలి గట్టున బిర్యానీ. ఇటు దణ్ణం పెట్టుకున్నవాళ్ళే కొంగులతో చేతులు తుడుచుకుంటూ అటు నడిచేవాళ్ళు. కమిటీ సభ్యులు మాత్రం చీకటిపడ్డాక నడిచేవాళ్ళు.

చాలా ఏళ్ళ తర్వాత నా భార్యను తీసుకుని అక్కడికి వెళ్ళాను. జరిగింది ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు. కొబ్బరికాయలమ్మే ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి స్థలపురాణం చెప్పింది.

"స్వామి, అమ్మవారు హంస మీద పోతుంటె నడిమిట్ల ఆగిపాయె. ఎందుకాగింది? హంస కడుపుల ఒక రాక్షసుడు దూరిండు! వాడు తుమ్మితె అడవంత అదిరింది. గప్పుడు కోయ పెద్ద ఒకాయన వలతాడు ఏసి గుంజిండు. స్వామి మెచ్చి ఏం కావాలె అంటె, మా చేపలు మాకియ్యి అన్నడు."

"రాక్షసుడు ఎట్లుంటడు?" అని మా ఆవిడ ఆసక్తిగా అడిగింది.

"గదో, బొమ్మేయించిండ్రు సూడు."

పాత బోర్డు ఉన్నచోట పెద్ద రంగుల బొమ్మ. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న బొద్దు రాక్షసుడు. జేబులో పెన్ను. కళ్ళద్దాలు. మా ఆవిడ బొమ్మను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది.

"గీ బొమ్మ ఎవరేయించిండ్రు?" అని నేనే నీరసంగా అడిగాను.

"నర్సింహులు సారే. దగ్గరుండి మరీ ఏయించిండు."

అందుచేత మహాజనులారా, బర్రెల చెరువు నీళ్ళు దోసిట పట్టి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో చరిత్ర జోలికి పోను. ఏ చెరువు ఒడ్డునా ఏ బోర్డూ రాయను. మా తాత పేరేమిటని పిల్లలడిగినా మా అమ్మ దగ్గరికి పంపిస్తున్నాను. ఆ ప్రమాణం ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాడా అంటారా? నిలబెట్టుకున్నాడనే పెద్దలు చెబుతారు.