కప్పు మాట్లాడిన రోజు

మొన్న సాయంత్రం ఇంట్లోని ఫోన్లన్నీ ఒక్కసారే కీచుమని మోగాయి. ఉరుములు, ఈదురుగాలులు వస్తున్నాయి, సురక్షితమైన చోట ఉండండి అని సర్కారు పంపే హెచ్చరిక. కోడలు పిల్లలను లోపలి గదిలోకి తీసుకుపోయింది, వాళ్ల వెనకే నేనూ వెళ్లాను. ఎనభై దాటిన మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, గడప మీదే ఆగిపోయాడు. చెయ్యి తలుపు చెక్క మీద, చూపు ఆకాశం మీద. లోపలికి రమ్మంటే రాడు, బయటికీ పోడు. గాలి మా దాకా రాకుండా గోదావరి అవతలికి దాటిపోయినా అరగంట సేపు అలాగే నిలబడ్డాడు. ఎందుకో పిల్లలకు తెలియదు. నాకు తెలుసు. ఆరేళ్ల కిందట ఆ రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను.

పెద్దబాపు గోదావరిఖనిలో ముప్పై ఏళ్లకు పైగా భూగర్భ గనిలోకి దిగాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. షిఫ్టు మొదలవగానే ఇనుప కడ్డీతో కప్పును తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది. దుంగ చిటచిటమందంటే చేతిలో ఉన్నది వదిలేసి ఉరకాలి, వెనక్కి చూడకూడదు. దాన్నే వాళ్లు కప్పు మాట్లాడటం అంటారు. ఒకసారి ఆయన కేక విని నలుగురు బతికి బయటపడ్డారు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. చుట్టాలింటికి వెళితే కుర్చీలో కూర్చునే ముందు చేతికర్రతో దూలాన్ని తట్టేవాడు. మా అమ్మాయి పెళ్లిలో ఫంక్షన్ హాలు స్తంభాన్ని తట్టి చెవి ఆనించాడు. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "పెండ్లికచ్చినవా, ఇన్‌స్పెక్షన్‌కచ్చినవా? పిలగాని దిక్కోళ్లు నవ్వుతున్నరు, వచ్చి కూసో!"

కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేశాక వాళ్లు కమాన్‌పూర్ దారిలో ఇల్లు కట్టుకున్నారు. రెండు రేకుల గదులు, వెనక సామాన్లకు స్లాబు వేసిన చిన్న గది. పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన ఫిట్టర్ కుటుంబం. ఆ ఇల్లాలు సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, చిన్నప్పటి తుఫాన్ల సంగతులు చెబుతుండేది. పెద్దబాపు నవ్వేవాడు. "తుఫాన్లు మీ సముద్రం కాడ, బిడ్డా. మాకేమున్నది? ఎండ, దుమ్ము." మా ప్రాంతంలో అందరూ అనుకునేదే అది. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను మా దాకా వచ్చేసరికి బలం తగ్గి వానగా మిగులుతుంది, నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గోతుల్లో నీళ్లు నింపి పోతుంది. మేము లెక్కచేయనిది ఎండాకాలపు ఉరుము మబ్బును. కాగిన నేల మీద నుంచి తేమ గాలి పైకి లేచి మబ్బు కొండంత పెరుగుతుంది. అందులో వాన, వడగళ్లు చల్లబరిచిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి పడుతుంది. నేలను తాకి పక్కలకు దూసుకుపోతుంది. దానికి తుఫానుకు పెట్టినట్టు పేరు పెట్టరు, రెండు రోజుల ముందు కబురూ రాదు.

ఆ రోజు నేను వాళ్లను చూడటానికి వెళ్లాను. సాయంత్రం నాలుగున్నర, మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లు చేరి స్నానాలు చేసే వేళ. గనుల్లోంచి తవ్విపోసిన మట్టిగుట్టల మీదుగా ఎర్రటి దుమ్ము గోడలా లేచి వచ్చింది. పెద్దమ్మ మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నెత్తి మీద రేకులు కిర్రుమన్నాయి. పెద్దబాపు తల పైకెత్తాడు. ఆయన గనిలో ఎలా ఉండేవాడో నేను చూసింది ఆ ఒక్క క్షణమే.

"కప్పు మాట్లాడుతున్నది! బయటికి ఉరుకుండ్రి!"

గోడ అవతలి నుంచి పక్కింటామె గొంతు చించుకుంది. "బాబాయ్ గారూ, బయటికి రాకండి! వెనక గదిలోకి వెళ్లి నేల మీద పడుకోండి!"

"కప్పు కింద పండుకొమ్మంటవా? సచ్చిపోతరు!" అని అరిచి ఆయన నన్ను వాకిట్లోకి నెట్టాడు, పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "వస్తున్ననయ్యా, గుంజకు!" అంటూ ఆమె వెనకే వచ్చింది. ఆయన్ని ఎంత ఎగతాళి చేసినా, కప్పు విషయంలో ఆయన చెవిని ఆమె ఎన్నడూ కాదనలేదు. నాలుగడుగులు వేశామో లేదో, రెండిళ్ల అవతల లేచిన రేకు గిర్రున తిరుగుతూ వచ్చి ఆమె మెడకు తగిలింది. షేర్ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దారికడ్డంగా చెట్టు పడి ఉంది. దాన్ని పక్కకు లాగే లోపే ఆమె పోయింది.

గాలి మొత్తం పది నిమిషాలు కూడా లేదు. తిరిగి వచ్చి చూస్తే ముందు గది రేకులు రెండు ఎగిరిపోయాయి, లోపలికి ఒక్కటీ పడలేదు. వెనక గదిలో మిరపకాయల బస్తా పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్కింటి కప్పు సగం లేచిపోయినా, వెనక గదిలో నేలను కరుచుకుని పడుకున్న నలుగురికీ గీత కూడా పడలేదు. గనిలో చావు పైనుంచి పడుతుంది. ఆ గాలిలో అది పక్కనుంచి వచ్చింది.

దినాలు అయ్యాక పెద్దబాపు నన్ను పిలిచాడు. "కొడుకా, నువ్వు పేపర్ల పనిజేసినోనివి. అది సుడిగాలా, ఉత్త గాలా? జర కనుక్కో." సుడిగాలికి చిక్కితే ఇంట్లో ఉన్నా బతికేది కాదని ఆయనకు ఎవరో చెప్పారు. అది సుడిగాలే అన్న ఒక్క మాట కోసం ఆయన కాచుకుని ఉన్నాడు. వాతావరణ శాఖలో తెలిసిన అధికారికి ఫోన్ చేశాను. "చెట్లు ఎటు పడ్డాయండీ?" అని అడిగాడు. అన్నీ ఒకే వైపుకో, ఒక చోటు నుంచి నలువైపులా విసిరేసినట్టో పడితే మబ్బు నుంచి కిందికి దిగిన గాలి. సన్నటి బాట వెంట మెలితిరిగి, ఎదురెదురుగా పడితే సుడిగాలి. అప్పటికే చెట్లు కోసేసి రోడ్లు సాఫు చేశారు, కొమ్మలు పొయ్యిల్లోకి పోయాయి. పేపర్లో వచ్చిన ఫొటోల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చెట్టే ఉంది. ఏళ్ల తరబడి వార్తలు రాసినవాణ్ని, ఆ సాయంత్రం ఏ చెట్టు ఎటు పడిందో చూడనే లేదు.

అధికారి ఇంకో మాట కూడా అన్నాడు. ఏ గాలైనా సరే, ఆ వెనక గదిలో నేల మీద తల దాచుకోవడమే మేలు అని. అది నేను పెద్దబాపుకు చెప్పలేదు.

ఆరు ఎండాకాలాలు పోయాయి. అప్పటి నుంచి ఆయన మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఏటా ఎండలు ముదిరే వేళకు "తెలిసిందా?" అంటాడు. "ఇంకా లేదు పెద్దబాపు" అంటాను. అది అబద్ధమైతే కాదు. ఆ పది నిమిషాలు ఆ వాడలో వీచింది ఏ గాలో ఇప్పటికీ ఎక్కడా రాసి లేదు.